రీమ్యాప్ చేసిన పోలోకు 17 అంగుళాల చక్రాలు అవసరమా?

ప్రశ్న: నమస్తే సార్. నాది 2016 మోడల్ ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ. రెండేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. స్టేజ్ 1 రీమ్యాప్ చేయించాను, అంటే ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చి పవర్ పెంచారు. లోయరింగ్ స్ప్రింగులు కూడా వేయించాను, కారు అంగుళం పైనే కిందికి దిగింది. టైర్లు మాత్రం కొన్నప్పుడు ఉన్నవే, 185/60 ఆర్15. వాటి పక్కన 1519 అని ఉంది. మొన్న వర్షంలో ఔటర్ మీద ముందు లారీ బ్రేకు వేస్తే నేనూ గట్టిగా తొక్కాను. పెడల్ కింద ఏబీఎస్ కొట్టుకుంటూనే ఉంది, కారు మాత్రం జారుకుంటూ పోయి లారీకి బాగా దగ్గర్లో ఆగింది. అప్పటి నుంచి వాన పడితే టెన్షన్‌గా ఉంటోంది. ఫ్రెండ్స్ 17 అంగుళాల అల్లాయ్స్ వేసి 215/45 టైర్లు పెట్టించమంటున్నారు. ఒక షాపులో రిమ్ములు, టైర్లు కలిపి 60 వేలకు ఇస్తామన్నారు. ఇంకొక ఫ్రెండేమో ట్రెడ్‌వేర్ 200 ఉన్న మెత్తటి రబ్బరు టైర్లే అసలైన పెర్ఫార్మెన్స్ టైర్లు అంటాడు. రోజూ కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలి ఆఫీసుకు, నెలకోసారి ఖమ్మానికి వెళ్తాను. ఏడాదికోసారి కోయంబత్తూరు కరీ మోటార్ స్పీడ్‌వేలో ట్రాక్ డే ఉంటుంది. డబ్బు చాలకపోతే ఇప్పుడు ముందు రెండు టైర్లు మార్చి, వెనకవి తర్వాత మార్చుకోవచ్చా? మొత్తానికి ఏవి కొనమంటారు?
– పేరు రాయవద్దన్న పాఠకుడు, హైదరాబాద్

సమాధానం: ముందు ఆ 1519 సంగతి చెప్పాలి. టైరు పక్కన ఉండే ఆ నాలుగంకెలు అది తయారైన వారాన్ని, సంవత్సరాన్ని చెబుతాయి. మీవి 2019లో పదిహేనో వారంలో, అంటే ఏప్రిల్‌లో తయారయ్యాయి. ఆరేళ్లు దాటిన రబ్బరు, అదీ మన ఎండల్లో కాగిన రబ్బరు, పైకి గీతలు బాగానే కనిపిస్తున్నా లోపల గట్టిపడిపోయి ఉంటుంది. గోరుతో నొక్కి చూడండి, ట్రెడ్ (రోడ్డును తాకే భాగం) మధ్యలో సన్నటి పగుళ్లున్నాయేమో చూడండి. గీతల లోతు కూడా కొలిపించండి. కొత్త కారు టైరుకు దాదాపు 8 మిల్లీమీటర్ల లోతుంటుంది. చట్టం 1.6 మిల్లీమీటర్ల వరకు ఒప్పుకుంటుంది కానీ, వాన రోడ్డు మీద 3 కంటే తగ్గిన టైరును నేను నమ్మను. ఆ లోతులో గీతలు నీటిని పక్కకు నెట్టలేవు. వేగం పెరిగితే టైరు నీటి పొర మీద తేలుతుంది. అప్పుడు స్టీరింగు, బ్రేకు రెండూ మీ చేతిలో ఉండవు.

ఔటర్ మీద జరిగినదాంట్లో బ్రేకుల తప్పేమీ లేదు. ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) కొట్టుకుందంటే చక్రాన్ని ఆపేసేంత బలం బ్రేకుల్లో ఉందని అర్థం. ఆ బలాన్ని రోడ్డుకు అందించే పట్టు టైర్లలో లేదు. కాబట్టి పెద్ద డిస్కులు, ఖరీదైన ప్యాడ్ల గురించి ఇప్పుడు ఆలోచించొద్దు. కొత్త టైర్లు వచ్చేదాకా ఈ కారును వానలో ఔటర్ ఎక్కించొద్దని కూడా గట్టిగా చెబుతున్నాను. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోలిస్తే 120లో కారు మోసుకెళ్లే శక్తి 44 శాతం ఎక్కువ. ఆపడానికి కావలసిన దూరం కూడా ఇంచుమించు అంతే పెరుగుతుంది. మంచి టైర్లతో పొడి రోడ్డు మీద ఉండే లెక్క అది.

ఇక 17 అంగుళాల విషయం. టైరు వెడల్పయితే రోడ్డును తాకే భాగం బాగా పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. గాలి అంతే ఉంచి, బరువు అంతే ఉంటే ఆ భాగం విస్తీర్ణం పెద్దగా మారదు, ఆకారం మారుతుంది. ఒకే పిండి ముద్దను పొడవుగా ఒత్తామా, వెడల్పుగా ఒత్తామా అన్నంత తేడా. వెడల్పు ఆకారం పొడి రోడ్డు మీద మలుపుల్లో కొంత ఉపయోగపడుతుంది, స్టీరింగు తిప్పగానే కారు చురుగ్గా కదులుతుంది. కానీ వాన నీటిని చీల్చుకుపోయే విషయంలో వెడల్పు టైరుకే కష్టం ఎక్కువ. మిమ్మల్ని భయపెట్టింది వాన రోడ్డు. అక్కడ పట్టునిచ్చేవి రబ్బరు మిశ్రమం, అందులోని సిలికా, గీతల తీరు, లోతు. రిమ్ము ఎన్ని అంగుళాలన్నది వీటన్నిటి తర్వాతే వస్తుంది.

లెక్క చూడండి. టైరు సైజులో మొదటి అంకె వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది ఆ వెడల్పులో సైడ్‌వాల్ ఎత్తు ఎంత శాతమో, ఆర్ తర్వాతది రిమ్ము అంగుళాలు. మీ 185/60 ఆర్15 టైరు మొత్తం వ్యాసం 603 మిల్లీమీటర్లు, రిమ్ము నుంచి రోడ్డు దాకా ఉండే సైడ్‌వాల్ ఎత్తు 111. 195/55 ఆర్16 అయితే వ్యాసం 621, సైడ్‌వాల్ 107. 215/45 ఆర్17 అయితే వ్యాసం 625, సైడ్‌వాల్ 97కు పడిపోతుంది. 16 అంగుళాలకు వెళ్తే మీరు వదులుకునే సైడ్‌వాల్ నాలుగు మిల్లీమీటర్లే. 17కు వెళ్తే పద్నాలుగు. కారును ఇప్పటికే కిందికి దించారు కాబట్టి సస్పెన్షన్ కదిలే జాగా ముందే తగ్గింది. కూకట్‌పల్లిలో వానాకాలం తర్వాత రోడ్లు ఎలా ఉంటాయో నేను మీకు చెప్పక్కర్లేదు. గుంతలో పడ్డప్పుడు ఆ దెబ్బను మింగడానికి గాలి, రబ్బరు తక్కువైతే రిమ్ము వంగుతుంది, లేదా సైడ్‌వాల్ లోపలి దారాలు తెగి బుడగ లేస్తుంది. బుడగ వచ్చిన టైరును పంక్చర్ షాపులో బాగుచేయలేరు, పారేయాల్సిందే. పైగా ట్యూబ్ వేసి నడిపించుకోండని సలహా ఇచ్చేవాళ్లుంటారు. దయచేసి వినొద్దు, హైవే మీద అది పేలితే ప్రాణాలకే ముప్పు.

ఆ 60 వేల సెట్టు గురించి నా అనుమానం కూడా చెబుతాను. నాలుగు 17 అంగుళాల రిమ్ములు, నాలుగు టైర్లు కలిపి ఆ ధరలో వస్తున్నాయంటే రెండింట్లో ఒకటైనా నాసిరకం అయ్యుండాలి. చూడటానికి పేరున్న డిజైన్‌లా ఉండే నకలు రిమ్ములు చాలాసార్లు బరువుగా ఉంటాయి. చక్రం బరువు పెరిగితే గతుకుల్లో టైరు రోడ్డును వదలకుండా ఉండటం సస్పెన్షన్‌కు కష్టమవుతుంది, రీమ్యాప్‌తో వచ్చిన చురుకుదనం కొంత ఆ బరువును తిప్పడానికే ఖర్చవుతుంది. రిమ్ము వెనక జేడబ్ల్యూఎల్, వీఐఏ ముద్రలున్నాయా అని అడిగి చూడండి. జేడబ్ల్యూఎల్ అనేది అల్లాయ్ చక్రాలకు జపాన్ పెట్టుకున్న ప్రమాణం, వీఐఏ ముద్ర స్వతంత్ర పరీక్ష జరిగిందని చెబుతుంది. నకలు రిమ్ముల మీద నకలు ముద్రలు కూడా ఉంటాయి కాబట్టి బిల్లు, తయారీదారు పేరు లేకుండా కొనొద్దు.

నా సలహా 195/55 ఆర్16. మీ కారు తర్వాతి సంవత్సరాల్లో కంపెనీయే పోలోకు ఈ సైజు ఇచ్చింది కాబట్టి వీల్ ఆర్చ్‌లో (చక్రం పైనున్న బాడీ వంపులో) సరిపోతుందా అన్న భయం తక్కువ. వ్యాసం మూడు శాతం పెరుగుతుంది, అంటే స్పీడోమీటరులో 100 చూపించినప్పుడు మునుపటి కంటే మూడు కిలోమీటర్లు ఎక్కువ వేగంలో ఉంటారు. ఇది గుర్తుంచుకుంటే చాలు. బలెనో, ఐ20 లాంటి కార్లకు కూడా ఇదే సైజు వస్తుంది కాబట్టి మన ఊళ్లలో దొరకడం తేలిక. రేపు ఖమ్మం దారిలో సూర్యాపేట దగ్గర టైరు చిరిగినా అక్కడే ఇంకొకటి దొరికే అవకాశముంది. ఈ విషయాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. 2020 జూన్‌లో కేంద్రం కారు టైర్ల దిగుమతిని నియంత్రిత జాబితాలో పెట్టింది, లైసెన్సు లేకుండా తెప్పించుకోలేరు. అప్పటి నుంచి కొన్ని అరుదైన పెర్ఫార్మెన్స్ సైజులు దొరకడం కష్టమైంది, దొరికినా పాత స్టాకు అంటగడతారు. వ్యాసం లెక్క ప్రకారం 205/50 ఆర్16 మీ కారుకు ఇంకా దగ్గరగా, 611 మిల్లీమీటర్లు ఉంటుంది. మంచి సైజే. కానీ ఒక టైరు పోతే జత వెతకడం చాలా కష్టం. బాగా దొరికే 205/55 ఆర్16 మాత్రం వద్దు. వ్యాసం 632కు పోతుంది, కిందికి దించిన కారులో ఆర్చ్‌కు రుద్దుకుంటుంది.

రిమ్ములు కొత్తవే కొనక్కర్లేదు. పోలో, వెంటో, ర్యాపిడ్‌లకు కంపెనీ ఇచ్చిన 16 అంగుళాల అల్లాయ్స్ సెకండ్ హ్యాండ్‌లో వెతకండి. మీ కారుకు ఐదు బోల్టులు, పీసీడీ (బోల్టులు అమరే వలయం వ్యాసం) 100 మిల్లీమీటర్లు, మధ్య రంధ్రం 57.1 మిల్లీమీటర్లు. జెట్టా, ఆక్టేవియాల పీసీడీ 112, అవి సరిపోవు. కొనే ముందు బ్యాలెన్సింగ్ మెషీన్ మీద నాలుగింటినీ తిప్పించి వంకర ఉందేమో చూడండి, లోపలి వైపు వెల్డింగ్ చేసిన రిమ్ము ఎంత చవకైనా తీసుకోవద్దు. బయటి కంపెనీ రిమ్ములే తీసుకుంటే బోల్టుల సంగతి మర్చిపోవద్దు. ఫోక్స్‌వ్యాగన్ అసలు బోల్టు కూర్చునే చోట గుండ్రంగా ఉంటుంది, బయటి రిమ్ములకు ఎక్కువగా శంకువు ఆకారపు బోల్టులు కావాలి. ఒకదానికి ఒకటి బిగిస్తే బిగిసినట్టే అనిపించి, నడుస్తున్నప్పుడు వదులవుతాయి. మధ్య రంధ్రం పెద్దదైతే సరైన కొలత రింగులు కూడా వేయించాలి, లేదంటే 80 దాటాక స్టీరింగు వణుకుతుంది.

ఇప్పుడు ట్రెడ్‌వేర్ 200 సంగతికి వద్దాం. మీ ఫ్రెండ్ చెప్పింది ట్రాక్ కోసమే అయితే సరైన మాటే. ఆ అంకె అమెరికాలో పుట్టిన కొలత. 100గా పెట్టుకున్న ఒక ప్రామాణిక టైరుతో పోల్చి ఎంత నెమ్మదిగా అరుగుతుందో చెబుతుంది. తయారీదారులే తమ టైర్లకు ఆ అంకె వేసుకుంటారు కాబట్టి ఒక కంపెనీ 300ను ఇంకో కంపెనీ 300తో పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పలేం. సుమారుగా 200 దగ్గరివి ట్రాక్‌కు పనికొచ్చేవి, 300 చుట్టుపక్కలవి రోడ్డు మీద వాడే స్పోర్ట్ టైర్లు, 400, ఆ పైవి సౌకర్యం, మైలేజీ చూసుకునేవి. 200 రకం రబ్బరు బాగా వేడెక్కాకే పూర్తి పట్టునిస్తుంది. గచ్చిబౌలి ట్రాఫిక్‌లో అంత వేడి ఎప్పటికీ రాదు. గీతల లోతు, గాడులు తక్కువ కాబట్టి నిలిచిన నీటిలో మీరు ఇప్పుడు పడుతున్న భయమే మళ్లీ పడతారు. వాటి చప్పుడుతో ఖమ్మం చేరేసరికి తలనొప్పి వస్తుంది. ఏడాదికి ఒక్క రోజు కోసం మిగతా రోజులన్నీ అలాంటి టైర్లతో తిరగడం నాకు సమంజసంగా అనిపించడం లేదు.

ఇంకో సంగతి, మీ డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) గేర్‌బాక్స్ డ్రై క్లచ్ రకం, అంటే క్లచ్‌లు నూనెలో ఉండవు, 250 న్యూటన్ మీటర్ల టార్కుకు రూపొందించింది. కంపెనీ ఇచ్చిన 175 నుంచి రీమ్యాప్‌తో ఎక్కడి దాకా వెళ్లారో మీరు రాయలేదు. చక్రం జారితే కొంత బలం అక్కడ పోతుంది. బాగా అతుక్కునే టైర్లతో ఆగిన చోటు నుంచి ఒక్కసారిగా దూకిస్తే ఆ బలమంతా క్లచ్ మీదే పడుతుంది.

బ్రాండ్ల విషయానికొస్తే, మీలాంటి వాడకానికి వాన రోడ్డు మీద బ్రేకింగుకు పేరున్న ప్రీమియం టైరు కావాలి. మిషెలిన్ ప్రైమసీ వరస, కాంటినెంటల్ అల్ట్రాకాంటాక్ట్ వరస నా మొదటి రెండు ఎంపికలు. వీటిలో కాంటినెంటల్ స్టీరింగుకు కొంచెం బిగువుగా ఉంటుంది, మిషెలిన్ నిశ్శబ్దంగా, మెత్తగా పోతుంది. మీ స్ప్రింగులు ఇప్పటికే గట్టివి కాబట్టి కారులో అమ్మానాన్నలు కూడా తిరుగుతారంటే ప్రైమసీ వైపు మొగ్గండి. ఇంకాస్త స్పోర్టీగా కావాలంటే కాంటినెంటల్ మ్యాక్స్‌కాంటాక్ట్, మిషెలిన్ పైలట్ స్పోర్ట్ వరసల్లో మీ సైజు స్టాకులో ఉందా అని అడగండి. ఉంటే తీసుకోండి, లేకపోతే ఆ పేరు కోసం రిమ్ము సైజు పెంచుకోవద్దు. బడ్జెట్ దాటిపోతుంటే బ్రిడ్జ్‌స్టోన్, యొకొహామా, అపోలోల పై స్థాయి మోడళ్లు చూడండి. కానీ ఎక్కువ మైలేజీ వస్తుందని, ఎక్కువ కిలోమీటర్లు నడుస్తుందని ప్రచారం చేసే మోడళ్ల జోలికి పోవద్దు. వాటిలో తడి రోడ్డు పట్టును కొంత తగ్గించుకుని ఆ గుణాలు తెచ్చి ఉంటారు.

టైరు మీద సైజు తర్వాత 87వి అని ఉంటే 87 బరువుకు, వి వేగానికి గుర్తు. 87 అంటే ఒక్కో టైరు 545 కిలోలు మోయగలదు. హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్లు, వి అంటే 240, డబ్ల్యు అంటే 270. ఆ వేగంలో మీరు వెళ్లరు, వెళ్లకూడదు. కానీ వి రేటింగున్న టైరు లోపలి నిర్మాణం వేడికి ఎక్కువ తట్టుకుంటుంది. కారు డ్రైవర్ వైపు డోర్ ఫ్రేమ్ మీదో, పెట్రోల్ మూత లోపలో ఉన్న స్టిక్కరు చూసి, అందులో ఉన్నదానికంటే తక్కువ రేటింగు మాత్రం ఎప్పుడూ వేయించొద్దు. షాపువాళ్లు టైర్లు బిగించే ముందే నాలుగింటి తయారీ తేదీలూ చదవండి. ఏడాది కంటే పాతవైతే వేరేవి అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు, డబ్బు మీది.

ముందు రెండు ఇప్పుడు, వెనక రెండు తర్వాత అన్నారు కదా. ఇది చాలామంది చేసే పనే, ముందు చక్రాలతో నడిచే కారు కాబట్టి కొత్తవి ముందుకే వేస్తారు. ప్రమాదం ఎక్కడుందంటే, ముందు చక్రాలు పట్టు తప్పితే కారు నేరుగా పోతుంది. మీకు స్టీరింగులో తెలుస్తుంది, కాలు తీస్తే చాలావరకు తిరిగి పట్టు దొరుకుతుంది. వెనక చక్రాలు పట్టు తప్పితే ముందస్తు హెచ్చరిక ఉండదు, తోక విసిరినట్టు కారు గిర్రున తిరుగుతుంది. ముందు కొత్త టైర్లు నీటిని తేలిగ్గా దాటేస్తాయి, మీకు ధైర్యం వచ్చి వేగం తగ్గించరు, అదే నీటిని వెనక అరిగిన టైర్లు దాటలేవు. ఈఎస్‌పీ (కారు అదుపు తప్పకుండా చూసే వ్యవస్థ) ఉంది కదా అనుకోవచ్చు. అది కూడా టైర్ల పట్టుతోనే పని చేస్తుంది. అందుకే రెండే కొనే పరిస్థితి వస్తే కొత్తవి వెనక్కి వేయాలి. మీ విషయంలో ఆరేళ్ల టైర్లను ముందు కూడా ఉంచకూడదు కాబట్టి నాలుగూ ఒకేసారి మార్చండి. డబ్బు నిజంగా చాలకపోతే 16 అంగుళాల రిమ్ముల ఆలోచన వాయిదా వేయండి. ఉన్న 15 అంగుళాల రిమ్ముల మీదే మంచి కంపెనీ 185/60 టైర్లు నాలుగు వేయించుకోండి. 195/60 కూడా ఆలోచించవచ్చు, వ్యాసం రెండు శాతమే పెరుగుతుంది. చవక టైర్లున్న 17 అంగుళాల సెట్టు కంటే ఇది వానలో మిమ్మల్ని ముందే ఆపుతుంది.

టైర్లు వేయించిన రోజే అలైన్‌మెంట్ చేయించాలి. స్ప్రింగులు మార్చాక చేయించారో లేదో మీరు రాయలేదు. కారు కిందికి దిగితే క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం పక్కకు వాలే కోణం) మారుతుంది, దాంతోపాటు టో (పై నుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండటం) కూడా మారుతుంది. లోపలి అంచుల్ని తినేసేది ముఖ్యంగా ఈ టో. పాత టైర్ల లోపలి అంచు చేత్తో తడిమి చూడండి, బయట కంటే నున్నగా ఉంటే సందేహమే లేదు. పోలో వెనక యాక్సిల్ టార్షన్ బీమ్ రకం, అక్కడ సర్దడానికి ఏమీ ఉండదు. ముందు చక్రాలకే చేస్తారు. ప్రింటవుట్ అడిగి తీసుకోండి. తర్వాత వెనక సీటులో ముగ్గురిని కూర్చోబెట్టి, స్టీరింగు రెండు వైపులా చివరి దాకా తిప్పి, ఒక స్పీడ్ బ్రేకర్ దాటించి ఎక్కడైనా రుద్దుకుంటోందేమో వినండి.

గాలి పొద్దున్నే, కారు కదలకముందు చూడాలి. టైరు లోపల వేడి ఐదారు డిగ్రీలు పెరిగితే ఒత్తిడి దాదాపు ఒక పీఎస్‌ఐ పెరుగుతుంది. మధ్యాహ్నం హైవే మీద ఆగి, ఎక్కువుందని గాలి తీయించేవాళ్లు మర్నాడు పొద్దున తక్కువ గాలితో బయల్దేరుతారు. మొదటి 300 కిలోమీటర్లు నెమ్మదిగా నడపండి. అచ్చులోంచి వచ్చేటప్పుడు పూసిన పదార్థం ట్రెడ్ మీద ఉంటుంది, అది పోయేదాకా పూర్తి పట్టు రాదు.

కోయంబత్తూరుకు ఇవే టైర్లతో వెళ్లొచ్చు. రెండు మూడు ల్యాపులు గట్టిగా తిప్పాక ఒక ల్యాపు నెమ్మదిగా పోయి చల్లారనివ్వండి. రోడ్డు టైర్లు అతిగా వేడెక్కితే కారు జారడం మొదలవుతుంది, ట్రెడ్ ముక్కలు లేస్తుంది. పిట్‌లోకి రాగానే ఒత్తిడి చూసి, పెరిగినంత తీసేయండి. ఇంటికి బయల్దేరే ముందు, టైర్లు చల్లారాక, స్టిక్కరులో ఉన్నంత మళ్లీ పట్టించండి. ట్రాక్ మీద ఇష్టం పెరిగి ఏడాదికి నాలుగైదు సార్లు వెళ్లే రోజొస్తే, అప్పుడు మీ పాత 15 అంగుళాల రిమ్ముల మీద ఆ మెత్తటి టైర్లు వేయించుకుని విడిగా ఉంచుకోండి. అందుకే ఆ రిమ్ములు అమ్మేయొద్దు.

చట్టం మాట కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్‌కు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్ని గట్టిగా నిలబెట్టింది. కంపెనీ అదే మోడల్‌కు ఇచ్చిన 195/55 ఆర్16 సైజు అయితే ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర వాదించడానికి మీకు ఆధారం ఉంటుంది. 215/45 ఆర్17కు ఉండదు. రీమ్యాప్, స్ప్రింగుల సంగతి ఇన్సూరెన్స్ వాళ్లకు ఇప్పటిదాకా చెప్పకపోతే చెప్పి, రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

చివరగా స్టెప్నీ. మీ డిక్కీలో ఉన్నదాని తయారీ తేదీ ఈరోజే చూడండి, అది కారుతో వచ్చిందే అయితే ఇంకా పాతదై ఉంటుంది. నాలుగూ 16 అంగుళాలకు మార్చాక 15 అంగుళాల స్టెప్నీ వ్యాసంలో మూడు శాతం చిన్నదవుతుంది. దాన్ని ముందు వేస్తే డిఫరెన్షియల్ (ముందు రెండు చక్రాలూ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్ల అమరిక) ఆగకుండా పని చేయాల్సి వస్తుంది. కాబట్టి ముందు టైరు పంక్చరైతే వెనక చక్రం ఒకటి ముందుకు మార్చి, స్టెప్నీని వెనక వేయండి. 80 దాటకుండా దగ్గర్లోని షాపు దాకా వెళ్లండి. 16 అంగుళాల రిమ్ములు ఐదు దొరికితే ఐదోది కూడా తీసుకుని స్టెప్నీగా పెట్టుకోండి. బోల్టుల రకం వేరైతే రెండు రకాలూ డిక్కీలో ఉంచండి.